సార్, ఇది కవిత్వమైతదా?

మూడేళ్ల కిందట, రియాద్‌లో ఉగాది వేడుకలకు ఇంకా పది రోజులు ఉందనగా, నా ఫోన్‌కి ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. నిడివి రెండు నిమిషాల నలభై సెకన్లు. ఆ రెండున్నర నిమిషాలు నన్ను ఇప్పటికీ వదల్లేదు.

పంపినతను జగిత్యాల వైపు పల్లె నుంచి వచ్చిన నీళ్ల ట్యాంకర్ డ్రైవర్. ‘సార్, నమస్తే. ఉగాది కవిత్వాలకు పేర్లు రాసుకుంటున్నరట గదా. నాది గూడ ఒకటున్నది. టైపు చేసుడు నాకు రాదు, అందుకే చెప్తున్న. ఇని చెప్పుండ్రి, ఇది కవిత్వమైతదా?’ అని మొదలుపెట్టాడు. తర్వాత సగం మాటగా, సగం పాటగా వినిపించాడు.

అందులో ఉన్నది ఒక తల్లి. పొద్దుగూకే వేళకు గల్మ మీద కూర్చుని, ఒళ్లో ఫోన్ పెట్టుకుని కొడుకు కోసం ఎదురుచూస్తుంటుంది. ఫోన్ మోగితే ప్రతిసారీ అడిగేవి మూడే ప్రశ్నలు. తిన్నావా, అక్కడ ఎండ ఎట్లుంది, ఎప్పుడొస్తవు. మొదటి రెండింటికీ కొడుకు అబద్ధం చెబుతాడు. మూడోదానికి నిజం తెలుసు గానీ నోరు రాదు. ప్రతి చరణమూ ఆ మూడో ప్రశ్న దగ్గరే ఆగుతుంది.

ఆ ఏడు కవి సమ్మేళనం బాధ్యత నాది. సంఘంలో తెలుగు కాస్త బాగా వచ్చిన ఇంజినీరుగా నాకు పేరుంది కాబట్టి అప్పజెప్పారు. నేను టైపు చేసిన జవాబు ఇప్పటికీ ఫోన్‌లో ఉంది. ‘భావం బాగుంది తమ్ముడూ. కానీ కవితలా లేదు, మాటల్లా ఉంది. భాష కొంచెం దిద్దుకుని పంపు, చూద్దాం. గల్మ లాంటి మాటలు అందరికీ అర్థం కావు. గుమ్మం అను.’

అటు నుంచి ఒక బొటనవేలు బొమ్మ వచ్చింది, అంతే. మళ్లీ అతను ఏమీ పంపలేదు.

ఊరి చివర అద్దెకు తీసుకున్న ఇస్తిరాహాలో ఉగాది ఘనంగా జరిగింది. పచ్చడి, పంచాంగం, పిల్లల డాన్సులు, ఆ తర్వాత మా కవిత్వం. నేను చదివిన దాంట్లో మరుభూమి ఉంది, మయూఖం ఉంది, ప్రవాస విషాదం ఉంది. చప్పట్లు బాగానే పడ్డాయి. ఇంటికి వెళుతుంటే కారులో వెనక సీట్లోంచి మా అమ్మాయి, ‘డాడీ, మయూఖం అంటే ఏంటి?’ అంది. వెలుగు కిరణం అని చెప్పాను. ‘మరి కిరణం అనొచ్చు కదా?’ అంది. నా దగ్గర జవాబు లేదు.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. నాది హనుమకొండ దగ్గర పల్లె. మా అమ్మ జీవితాంతం ‘గల్మ’ అనే అంది. ‘గుమ్మం’ నేను పుస్తకంలో నేర్చుకున్న మాట. అంటే ఆ రోజు నేను దిద్దబోయింది ఒక డ్రైవర్ భాషను కాదు, మా అమ్మ భాషను.

పుస్తకం లేకుండా పాకిన పాట

ఆరేడు నెలల తర్వాత ఒక శుక్రవారం పారిశ్రామిక వాడలోని ఒక కార్మికుల క్యాంపుకు వెళ్లాను. నాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఇక్కడ ఒక ఉచిత ఉద్యోగం కూడా ఉంటుంది. ఎవరికైనా అబ్షిర్ ఆప్ తెరుచుకోకపోయినా, ఇకామా తేదీ చూడాలన్నా, అరబీలో వచ్చిన మెసేజ్ అర్థం కాకపోయినా మనకు ఫోన్ వస్తుంది. ఆ రోజూ అలాంటి పని మీదే వెళ్లాను.

పని అయ్యాక టీ తాగుతుంటే పక్క గదిలోంచి పాట వినిపించింది. అదే పాట. పాడుతున్నది అతను కాదు, నిర్మల్ వైపు కుర్రాడెవరో. చివరి ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి గదిలో ఉన్నవాళ్లందరూ గొంతు కలిపారు. వారిలో ఒకరు కోనసీమ అతను, ఇంకొకరు శ్రీకాకుళం అతను. ‘గల్మ’ దగ్గర ఎవరూ తడబడలేదు.

శ్రీకాకుళం అతన్ని అడిగాను, ‘గల్మ అంటే తెలుసా?’ అని. ‘తెలీకేటండీ, అమ్మ కూకున్న చోటు’ అన్నాడు.

నిఘంటువు చెప్పే అర్థం కన్నా అది మంచి అర్థం. ఆ పాట ఎక్కడా అచ్చు కాలేదు. దాన్ని ఎవరూ పరిచయం చేయలేదు, ఎవరూ ముందుమాట రాయలేదు. ఒక ఫోన్ నుంచి ఇంకో ఫోన్‌కి, ఒక గది నుంచి ఇంకో గదికి పాకింది. నేను రాసిన కవిత మాత్రం ఒక ఫైల్‌లో భద్రంగా ఉంది. దాన్ని కంఠస్థం చేసినవాళ్లు నాతో సహా ఎవరూ లేరు.

ఎడారిలో ఒక వేమన

ఈ గొడవంతా ఒక రోజు ఆఫీసులో నా సౌదీ సహోద్యోగికి చెప్పాను. అతను నవ్వి, ‘ఇది మా ఇంట్లో గొడవ కూడా. నీకు హుమైదాన్ తెలుసా?’ అన్నాడు.

నాకు తెలియదు. రియాద్‌లో ఇన్నేళ్లు ఉండీ తెలియదు.

రియాద్‌కు వాయవ్యాన వష్మ్ ప్రాంతంలో అల్ ఖసబ్ అనే ఊరుంది. ఉప్పు మడులకు పేరు. హుమైదాన్ అల్ షువైయిర్ ఆ ఊరివాడు, 18వ శతాబ్దం తొలి భాగపు కవి. షువైయిర్ అంటే ‘చిన్న కవి’, మన భాషలో చెప్పాలంటే ‘కవిగాడు’ లాంటి మాట. ఆస్థానాల జోలికి పోని మనిషి. ఖర్జూర తోటలు, నీటి బావులు, పంట, అప్పు, గయ్యాళి సంసారం, పిసినారి చుట్టాలు, అన్యాయం చేసే ఊరి పెద్దలు, ఇవే అతని వస్తువులు. కొడుక్కి బుద్ధి చెబుతాడు, పాలకులను ఎగతాళి చేస్తాడు, తనమీద తానే నవ్వుకుంటాడు. అంతా నజ్ద్ ప్రాంతపు జనం మాట్లాడే అరబీలోనే. అతని పంక్తులు అక్కడ సామెతలై పోయాయి. ‘చదువు రాని మా నానమ్మ మాటకు ముందు ఒక హుమైదాన్, మాట తర్వాత ఒక హుమైదాన్ చెప్పేది’ అన్నాడు నా మిత్రుడు.

ఇది వింటుంటే మీకు ఎవరు గుర్తొస్తున్నారో నాకూ వారే గుర్తొచ్చారు.

పోలిక అక్కడితో ఆగలేదు. వేమన పద్యాలను సేకరించి, ఇంగ్లీషు అనువాదంతో 1829లో అచ్చు వేయించినవాడు ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి సి.పి. బ్రౌన్. హుమైదాన్ కవితలను ఇంగ్లీషులోకి తెచ్చినవాడు డచ్ దౌత్యవేత్తగా పనిచేసిన పండితుడు మార్సెల్ కుర్పెర్షూక్. ఆ పుస్తకం 2017లో ‘అరేబియన్ సటైర్’ పేరుతో వచ్చింది. జనం నోట బతికిన కవులిద్దరినీ పొరుగు దేశాల వారు వెతుక్కుంటూ వచ్చారు. ఇంటి పండితులకు మాత్రం వాళ్లు చాలా కాలం ఆనలేదు.

ఈ రకం కవిత్వాన్ని ఇక్కడ ‘నబతీ’ అంటారు. దీన్ని అర్థం చేసుకోవాలంటే అరబీలో ఉన్న రెండు అంతస్తులు తెలియాలి. ఒకటి ఫుస్‌హా. బడిలో నేర్పేది, వార్తల్లో వినిపించేది, పుస్తకాల్లో కనిపించేది. రెండోది ఆమ్మియా. ఇంట్లో, బజారులో, ఒంటెల దగ్గర, ఇప్పుడు వాట్సాప్‌లో వాడేది. నబతీ రెండోదానిలో పుట్టింది. దానికి ఛందస్సు ఉంది, ప్రాస ఉంది, వందల ఏళ్ల సంప్రదాయం ఉంది. లేనిదల్లా ఫుస్‌హా వ్యాకరణం పెట్టే విభక్తి ప్రత్యయాల ముగింపులు. అవి లేవన్న కారణంతోనే పండితులు దాన్ని చాలాకాలం సాహిత్యం గడప బయటే నిలబెట్టారు.

ఈ వాదం ఎంత పాతదో తెలిస్తే ఆశ్చర్యం వేస్తుంది. చరిత్రకారుడు ఇబ్న్ ఖల్దూన్ 1377లో రాసిన ‘ముఖద్దిమా’లో దీనికి చోటిచ్చాడు. తన కాలపు ఎడారి తెగల కవితలను ఉదాహరణలుగా ఇచ్చి, వ్యాకరణ పండితులు వీటిని వినగానే మొహం చిట్లిస్తారని చెప్పాడు. తప్పు కవితలో లేదని, ఆ మాట అలవాటు లేని చెవిలో ఉందని అతని వాదన. చెప్పదలచుకున్నది సందర్భానికి తగినట్టు చెప్పడమే వాక్‌పటుత్వమని, విభక్తులకూ దానికీ సంబంధం లేదని తేల్చేశాడు. మన గిడుగు రామమూర్తి పంతులుగారు పుట్టడానికి దాదాపు ఐదు వందల ఏళ్ల ముందు!

ఆ తర్వాతి కథ మనం టీవీలో చూడొచ్చు. 2006లో అబుదాబిలో మొదలైన ‘షాయిర్ అల్ మిలియోన్’, అంటే ‘మిలియన్ల కవి’ పోటీ పూర్తిగా నబతీ కవిత్వానిదే. మన దగ్గర పాటల పోటీలు చూసినట్టు గల్ఫ్‌లో జనం కవిత్వం పోటీ చూస్తారు, ఓట్లు వేస్తారు. 2010లో హిస్సా హిలాల్ అనే సౌదీ గృహిణి, నలుగురు పిల్లల తల్లి, ముఖం కప్పుకునే వేదిక ఎక్కి, విద్వేషం రగిలించే ఫత్వాల మీద కవిత చదివింది. బెదిరింపులు వచ్చినా వెనక్కి తగ్గలేదు. మూడో స్థానంలో నిలిచింది. ఆమె మాట కోట్ల మందికి చేరడానికి కారణం ధైర్యం ఒక్కటే కాదు. ఆ ధైర్యం జనం మాటలో ఉంది.

రియాద్‌లోనే పుట్టిన ప్రిన్స్ బద్ర్ బిన్ అబ్దుల్ మొహ్సిన్ కూడా ఈ దారిలోనే నడిచారు. 2024లో కన్నుమూసిన ఆయన వాడుక అరబీలో రాసిన గీతాలను తలాల్ మద్దాహ్, మొహమ్మద్ అబ్దు వంటి గాయకులు పాడారు. టాక్సీ డ్రైవర్ల నుంచి రాజకుటుంబం దాకా అందరి నోటా అవే పాటలు. జనం ఆయనకు పెట్టుకున్న బిరుదు ‘ముహందిస్ అల్ కలిమా’, అంటే మాటల ఇంజినీరు. ఇరవై ఏళ్లుగా ఇంజినీరు అనిపించుకుంటున్న నాకు ఆ బిరుదు విన్నప్పుడు కాస్త సిగ్గేసింది.

మన ఇంట్లో ఈ తగువు ఎప్పటిది?

మన దగ్గరా ఇది కొత్త తగువు కాదు. 13వ శతాబ్దంలోనే పాల్కురికి సోమనాథుడు బరువైన చంపూ పద్ధతిని పక్కన పెట్టి, జనం పాడుకోగల ద్విపదలో బసవ పురాణం రాశాడు. అందరికీ తెలిసే ‘జాను తెనుగు’ కావాలన్నాడు. భక్తి గుడి మెట్ల మీద కూర్చున్న మామూలు మనిషికి అందాలంటే భాష కూడా ఆ మెట్టు దిగాలి కదా.

కుమ్మరి ఇంటి ఆడబిడ్డగా చెప్పుకునే మొల్ల రామాయణం రాస్తూ ఇదే సంగతి పీఠికలో తేల్చి చెప్పింది. తేనె నాలుకకు తగిలితే తీపి ఎవరూ వివరించనక్కర్లేదు, కవిత్వం అర్థమూ అలాగే తెలియాలన్నది ఆమె పోలిక. గూఢమైన మాటలు పేర్చి అర్థం తోచకుండా చేస్తే అది ఎవరికీ అందని ముచ్చటేనంది.

తర్వాత వేమన. ఆయన కాలం గురించి పండితులు ఇంకా తగువు పడుతూనే ఉన్నారు. పద్యాల గురించి మాత్రం జనానికి తగువు లేదు. బడి మొహం చూడని మా తాతకు కూడా పాతిక వేమన పద్యాలు వచ్చు. ఉప్పు, కర్పూరం, మేడిపండు, చెప్పు, కుక్క, పాలు, కల్లు, ఇవన్నీ ఏ ఇంట్లోనైనా, ఏ వీధిలోనైనా ఉండేవే. వాటితోనే కులం గర్వాన్నీ దొంగ భక్తినీ పిసినారితనాన్నీ ఉతికి ఆరేశాడు.

ఆధునిక కాలానికి వస్తే, మన పెద్ద యుద్ధం ఉత్తరాంధ్ర నుంచి మొదలైంది. పర్లాకిమిడిలో పంతులుగా ఉన్న గిడుగు రామమూర్తి గారు సవరల భాష నేర్చుకుని, వాళ్ల పిల్లలకు వాళ్ల మాటలోనే చదువు చెప్పాలని తపించిన మనిషి. జె.ఎ. యేట్స్ అనే ఇంగ్లీషు బడి అధికారి, మీరు మాట్లాడే తెలుగుకూ పుస్తకాల తెలుగుకూ ఇంత తేడా ఎందుకని అడిగిన ప్రశ్న కూడా ఈ ఉద్యమానికి ఊపునిచ్చింది. పిల్లవాడికి ముందు కొత్త భాష నేర్పి, తర్వాత ఆ భాషలో పాఠం నేర్పడం రెట్టింపు శిక్ష అన్నది గిడుగువారి బాధ. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే మనం తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం.

ఆయన మిత్రుడు గురజాడ అప్పారావు గారు విజయనగరంలో కూర్చుని ఆ వాదాన్ని చేతల్లో చూపించారు. 1892లో రంగస్థలం ఎక్కిన ‘కన్యాశుల్కం’లో మనుషులు మనుషుల్లాగే మాట్లాడారు. 1910లో వచ్చిన ‘ముత్యాల సరాలు’తో జనం పాటల నడకకు దగ్గరైన ఛందస్సును కవిత్వంలోకి తెచ్చారు. ఆయన ‘దేశభక్తి’ గీతాన్ని వందేళ్ల తర్వాత కూడా బడి పిల్లలు అర్థం అడగకుండా పాడుతున్నారంటే, అందులో అడగాల్సిన అర్థం పెద్దగా దాచిపెట్టలేదు కాబట్టే.

అయితే ఇక్కడ ఇంకో ప్రశ్న మిగిలిపోయింది. వాడుక భాష సరే, ఎవరి వాడుక? గ్రాంథికం పోయి వాడుక వచ్చినా, పుస్తకాల్లోకీ పత్రికల్లోకీ కొన్ని జిల్లాల చదువుకున్నవారి వాడుకే వచ్చింది. మిగిలినవారి మాట ‘యాస’ అయింది. సినిమాల్లో నవ్వించే పాత్రకు, తిట్లు తినే పాత్రకు పనికొచ్చింది. దీన్ని జీవితాంతం నిలదీసినవారు మా వరంగల్ కాళోజీ నారాయణరావు గారు. నిజాం పాలనలో జైలుకెళ్లి, 1992లో పద్మవిభూషణ్ అందుకున్న ఆయన, తన కవిత్వానికి పెట్టిన పేరు ‘నా గొడవ’. పేరులోనే వీధి అరుగు కనిపిస్తుంది. ఆయన పుట్టిన సెప్టెంబరు 9ని 2014 నుంచి తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుతున్నారు. లెబనాన్‌లో పుట్టిన ఖలీల్ జిబ్రాన్ రాసిన ‘ది ప్రాఫెట్’ను ‘జీవన గీత’గా తెలుగు చేసింది కూడా కాళోజీయే.

కాళోజీ ఊరి పక్క నుంచి వచ్చి, ఆయన పుట్టినరోజు నాడు ఫేస్‌బుక్‌లో దండ బొమ్మ పెట్టి, ఒక తమ్ముడి పాటలో ‘గల్మ’ను ‘గుమ్మం’గా మార్చమన్నవాణ్ని నేను.

తేలిక మాట లోపలికి ఎలా వెళుతుంది?

మా వృత్తిలో ఒక అలవాటు ఉంటుంది. ఏదైనా బాగా పనిచేస్తుంటే విప్పి చూస్తాం. అతని పాటనూ వేమన పద్యాన్నీ అలాగే విప్పి చూసుకున్నాను. నాకు తోచినవి మూడు సంగతులు.

మొదటిది, వాక్యం. పాతకాలం కావ్యాల్లో కర్త ఒక చోట, క్రియ నాలుగు పాదాల అవతల ఉంటుంది. మధ్యలో సమాసాల అడవి. అన్వయం చేసి చెప్పడానికి ఒక పంతులు కావాలి. వేమన పద్యంలో వాక్యం మనం మాట్లాడే వరసలోనే నడుస్తుంది. ఎక్కడ మొదలైందో అక్కడి నుంచి నేరుగా చివరికి వెళుతుంది. చేతిలో పుస్తకం ఉన్నవాడు వెనక్కి వెళ్లి మళ్లీ చదువుకోగలడు. చెవితో వినేవాడికి ఆ వీలు లేదు. విన్న వెంటనే తెలిస్తేనే తెలిసినట్టు.

రెండోది, నడక. ఆటవెలదిలో ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్య గణాలు, రెండు ఇంద్ర గణాలు. రెండు, నాలుగు పాదాల్లో ఐదూ సూర్య గణాలే. వృత్తాలలాగా రెండో అక్షరం ప్రాస నియమం లేదు. ప్రాస కోసం మాటను మెలితిప్పాల్సిన పని తప్పుతుంది. మాట ఎలా ఉందో అలాగే ఛందస్సులో ఇముడుతుంది. పైగా చివరి పాదం ప్రతిసారీ అదే కాబట్టి, మూడు పాదాలు గుర్తుంటే చాలు. మా డ్రైవర్ తమ్ముడి పాటలో తల్లి అడిగే మూడో ప్రశ్న చేసిన పనీ అదే. గదిలో కొత్తగా వచ్చినవాడు కూడా రెండో చరణానికల్లా గొంతు కలపగలడు. వినేవాడు పాడేవాడు అయ్యే చోటు అది.

మూడోది, వస్తువు. ‘ప్రవాస విషాదం’ అంటే ఎవరికీ ఏమీ కనబడదు. ఒళ్లో ఫోన్ పెట్టుకుని గల్మ మీద కూర్చున్న అమ్మ అంటే, ప్రతి ఒక్కరికీ తన అమ్మే కనిపిస్తుంది. మాట తేలికైనంత మాత్రాన భావం తేలికైపోదు. కొడుకు రెండు అబద్ధాలు చెప్పి మూడోసారి మౌనంగా ఉండిపోయాడు చూశారా, దాన్ని ఎంత పెద్ద సమాసమూ అంతకన్నా బరువుగా చెప్పలేదు.

అలాగని మాట్లాడిందల్లా కవిత్వమా?

కాదు. ఈ మాట కూడా చెప్పకపోతే ఈ వ్యాసం ఒంటికాలి మీద నిలబడుతుంది.

మామూలు మాటను ముక్కలు చేసి ఒకదాని కింద ఒకటి పేర్చినంత మాత్రాన కవిత్వం కాదు. అలాంటివి మన వాట్సాప్ గ్రూపుల్లో పొద్దున లేస్తే పది వస్తాయి. వేమన తేలికగా ఉంటాడు గానీ వేమనలా రాయడం తేలిక కాదు. తీసెయ్యాల్సినవన్నీ తీసేశాక మిగిలిన మాట అది. ప్రోగ్రాం రాసేవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. రెండు వందల వరుసల్లో చేసిన పనిని ఇరవై వరుసల్లో చేయడానికి ఎక్కువ రోజులు పడుతుంది.

ఇంకో అభ్యంతరం మా సంఘంలోని ఒక పెద్దాయన లేవనెత్తారు. ‘మరి పోతన సంగతి ఏంటయ్యా? ఆ సమాసాలు ఎవరికి అర్థమయ్యాయని పల్లెల్లో గజేంద్ర మోక్షం కంఠతా పట్టారు?’ అన్నారు. మంచి ప్రశ్నే. నేను చాలా రోజులు ఆలోచించాను. పోతన మాటలు బరువైనవే. కానీ హరికథల్లో, భజనల్లో, భాగవతుల ఆటల్లో, అమ్మమ్మల నోట తరతరాలుగా ఎన్నోసార్లు వినగా వినగా అవి ఇంటి మాటలైపోయాయి. అంటే జనం దగ్గరికి చేరడానికి రెండు దారులు. కవి జనం వాడే మాట తీసుకోవడం ఒకటి. కవి మాటను ఎవరో ఒకరు రోజూ జనంలో వాడుతూ ఉండటం రెండోది. రెండు దారుల్లోనూ ఉన్నది ‘వాడుకే’.

గల్ఫ్‌లో పెరిగే మన పిల్లలకు ఆ రెండో దారి మూసుకుపోయింది. హరికథ లేదు, భజన లేదు, అమ్మమ్మ ఫోన్‌లో పది నిమిషాలు. బడిలో ఇంగ్లీషు, హిందీ, అరబీ. తెలుగు ఇంట్లో వినే మాట మాత్రమే. కాబట్టి ఆ మాటలో కవిత్వం ఉంటేనే వాళ్లకు తెలుగు కవిత్వం అనేది ఒకటి ఉంటుంది. లేకపోతే అది ఉగాది రోజు పెద్దవాళ్లు మైకులో చదివే అర్థం కాని వ్యవహారంగా మిగిలిపోతుంది. నాకు దిగులు కవిత్వం గురించి కాదు, ఈ పిల్లల గురించి.

మళ్లీ ఉగాది వచ్చింది

క్యాంపులో పాట విన్న రోజే అతని కోసం అడిగాను. అప్పటికి నెల రోజుల కిందటే ఫైనల్ ఎగ్జిట్ మీద వెళ్లిపోయాడన్నారు. అమ్మకు బాగాలేదట. నంబర్ సంపాదించి ఇండియాకు ఫోన్ చేయడానికి నాకు ఇంకో నాలుగు నెలలు పట్టింది. ఉగాది దగ్గర పడ్డాక గానీ ధైర్యం చాలలేదు.

క్షమించమని అడిగాను. అతనికి ఆ మెసేజ్ గుర్తుంది గానీ కోపం లేదు. ‘మీరు సక్కగనే చెప్పిన్రు సార్, నాకే చేతగాలే’ అన్నాడు. అది కోపం కన్నా ఎక్కువ తగిలింది. అతనికి చేతగాదని అతన్నే నమ్మించింది నేను.

ఈసారి ఆన్‌లైన్లో వేదిక మీద వినిపిస్తావా అని అడిగాను. ‘అది ఇప్పుడు నాది గాదు సార్. క్యాంపులోళ్లు ఎవలకు తోచింది వాళ్లు కలిపిన్రు. శ్రీకాకుళం అన్న రెండు చరణాలు పెట్టిండు. వాళ్లనే పాడమనుండ్రి’ అన్నాడు. అమ్మ ఎలా ఉందని అడిగాను. ఒక క్షణం ఆగి, ‘నేను వచ్చినంక మూడు నెలలుండె సార్’ అన్నాడు. ఆ మూడో ప్రశ్నకు ఆమె జవాబు విని వెళ్లింది. నాకు అంతవరకే తెలిసింది, అంతకన్నా అడగలేకపోయాను.

ఆ ఉగాదికి ఇస్తిరాహాలో కవి సమ్మేళనం పద్ధతి మార్చాం. టైపు చేసి పంపాలనే నిబంధన తీసేశాం. వాయిస్ మెసేజ్ చాలన్నాం. ఎవరి జిల్లా మాటలో వాళ్లు చెప్పొచ్చన్నాం, దిద్దుబాట్లు ఉండవన్నాం. పదకొండు మంది కొత్తవాళ్లు పంపారు. అందులో ఇద్దరు వంటవాళ్లు, ఒక నర్సమ్మ, ఒక ఎలక్ట్రీషియన్. అన్నీ గొప్పగా లేవు. మా ఇంజినీర్ల కవితలూ అన్నీ గొప్పగా లేవు కాబట్టి లెక్క సరిపోయింది. చివర్లో క్యాంపు నుంచి వచ్చిన ఆరుగురు ఆ పాట పాడారు. ముందు వరసలో సూట్లు వేసుకున్నవాళ్లు, వెనక నిలబడ్డ పిల్లలు, భోజనాలు వడ్డించడానికి సిద్ధంగా ఉన్నవాళ్లు, అందరూ మూడో ప్రశ్న దగ్గర ఒకే గొంతు అయ్యారు.

మీ ఊళ్లో, మీ దేశంలో ఉగాదికి కవి సమ్మేళనం పెట్టేవారికి నాదొక మనవి. దమ్మామ్‌లో గానీ, దుబాయ్‌లో గానీ, డల్లాస్‌లో గానీ, ఈసారి కవితలు పిలిచేటప్పుడు చదువుకున్నవాళ్ల గ్రూపులోనే కాకుండా, మన కోసం వండేవాళ్లకూ, బండి నడిపేవాళ్లకూ, పిల్లల్ని చూసుకునేవాళ్లకూ కూడా ఒక మాట చెప్పండి. వాళ్ల దగ్గర నుంచి వచ్చినదాన్ని దిద్దే ముందు ఒకసారి గట్టిగా చదివి చూడండి. అది మీ అమ్మ గొంతులా వినిపిస్తే, దాన్ని అలాగే వదిలేయండి.

ఆ రోజు కారులో మా అమ్మాయి నన్ను ఏ మాటకూ అర్థం అడగలేదు. ఇల్లు చేరేదాకా ఆ పాట కూనిరాగం తీస్తూనే ఉంది. ఫ్లాట్ తలుపు తీసి, చెప్పులు విప్పుతూ అడిగింది, ‘డాడీ, మన ఇంటికి గల్మ ఏది?’ అని.

(రచయిత రియాద్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్)